పిస్టన్ పోయిన ప్రతిసారీ బావమరిదేనా దోషి?

రాజోలు వైపు నుంచి ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరానికి సారాంశం ఇది. పేరు, ఊరు వేయవద్దన్నారు. చెట్లు కోసే పనులు కాంట్రాక్టుకు పడతారాయన. కొబ్బరి, మామిడి, తీరం వైపు సరుగుడు తోటలు. అరవై సీసీ తరగతి చైన్‌సాలు రెండున్నాయి, ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి. ఒకటి నిక్షేపంగా నడుస్తోంది. రెండోదానికి ఏడు నెలల్లో రెండుసార్లు పిస్టన్ పోయింది.

మొదటిసారి శంకరగుప్తం డ్రెయిన్ పక్క, ఉప్పునీటికి మోడువారిన కొబ్బరిచెట్లు కోస్తున్న రోజుల్లో. బలం తగ్గుతూ తగ్గుతూ చివరికి తాడు ఎంత లాగినా స్టార్ట్ కాలేదు. మెకానిక్ పిస్టన్, రింగులు మార్చి ఇచ్చాడు. ఆరు వారాలు తిరక్కుండానే, మామిడి మొద్దు సగం తెగి ఉండగా ఒక్కసారిగా పట్టేసింది. విప్పితే సైలెన్సర్ వైపు పిస్టన్ నిండా నిలువు చారలు, కార్బురేటర్ వైపు శుభ్రంగా ఉంది. “ఆయిల్ కలపకుండా పోశారు” అని మెకానిక్ తేల్చేశాడు. పెట్రోలు కలిపేది ఆయన బావమరిది. కుర్రాడు కలిపానని ఒట్టేసి చెబుతున్నాడు. ఈయన నమ్మలేదు, రెండు నెలల కూలి ఆపేశారు. భార్య మాట్లాడటం మానేసింది. సంక్రాంతికి అత్తవారింటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలని బాధ. అడుగుతున్నవి మూడు: తప్పు కుర్రాడిదేనా? పాత సిలిండర్‌ని లేత్ షాపులో బోరు కొట్టించి వాడుకోవచ్చా, కొత్తది వేయాలా, మిషనే మార్చేయాలా? కుర్రాడిని పనిలో ఉంచాలా, మాన్పించాలా?

సమాధానం:

మీ ఉత్తరంలో నాలుగు సంగతులు మాటవరసకు రాసినట్టు రాశారు గానీ అసలు కథ వాటిలోనే ఉంది. రెండు మిషన్లకూ ఒకే డబ్బాలోంచి పోస్తారన్నారు. పోయిన మిషన్ క్రితం వర్షాకాలం నాలుగు నెలలు ట్యాంకులో పెట్రోలుతోనే పాకలో పడి ఉందన్నారు. ఈమధ్య యాక్సిలేటర్ వదిలినా కాసేపు అరుస్తూనే ఉండేదన్నారు. ఫిల్టర్‌ని పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలితో ఊదిస్తామన్నారు. వీటిని పక్కన పెట్టి కుర్రాడి ఒట్టు నిజమా అబద్ధమా అని తేల్చబోవడం వల్ల ఇల్లు రెండుగా చీలింది.

ముందు డబ్బా సంగతి. ఈ ఇంజన్లకు లోపల జారుడు ఇచ్చేది పెట్రోల్లో కలిపే ఆయిలే. ఆయిల్ లేని పెట్రోలుతో పూర్తి వేగంలో కోస్తే పిస్టన్ ఎక్కువసేపు బతకదు, ఒక్క ట్యాంకు చాలు. అదే డబ్బా తాగిన రెండో మిషన్‌కి ఏమీ కాలేదంటే ఆయిల్ అసలే కలపలేదన్న మాట నిలవడం కష్టం. పైగా ఆయిల్ కరువైతే చారలు ఒకవైపే ఆగవు. సైలెన్సర్ వైపు ఎక్కువగా ఉన్నా, చుట్టూ, కార్బురేటర్ వైపు కూడా లోహం రాసుకున్న గుర్తులు కనిపిస్తాయి. ఒక్క సైలెన్సర్ వైపే చారలుండి ఎదుటివైపు తయారీ గీతలు కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయంటే ఆ పిస్టన్ వేడికి పోయింది. వేడి ఎందుకు పెరుగుతుంది? లోపలికి వెళ్ళే మిశ్రమంలో పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే, లేదా చల్లారే దారి మూసుకుపోతే. మెకానిక్‌ని పూర్తిగా తప్పు పట్టలేం. పైపైన చూస్తే రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. కానీ “ఆయిల్ కలపలేదు” అన్నది మెకానిక్‌లందరికీ తేలికైన సమాధానం. ఆ మాట అన్నాక ఇంకేమీ విప్పి చూడక్కర్లేదు మరి.

కుర్రాడికి వ్యతిరేకంగా ఒక అనుమానం మిగులుతుంది, అదీ చెబుతాను. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. డబ్బా మూత వదులుగా ఉండి వాన చినుకులు పడినా, కడిగిన డబ్బాలో తడి మిగిలినా, నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. టూటీ ఆయిల్ (పెట్రోల్లో కలిపే ఆ ఆయిలే) మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. అప్పుడు డబ్బా అడుగున ఉన్నది ఏ మిషన్‌కి పడితే ఆ మిషన్‌కి ఆయిల్ లేనట్టే. డబ్బాలో మిగిలిన మిశ్రమం ఇంకా ఉంటే గాజు సీసాలో పోసి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే అది ఎవరూ కావాలని చేసిన తప్పు కాదు, డబ్బా మార్చాల్సిన సంగతి. పొర లేకపోతే ఈ అనుమానం కూడా చాలావరకు పోయినట్టే.

ఇక మొదటి పిస్టన్. దాన్ని మెకానిక్ పారేశాడు కాబట్టి ఖాయంగా చెప్పలేను గానీ, మెల్లమెల్లగా బలం తగ్గి స్టార్ట్ కాకుండా పోవడం దుమ్ము తిన్న ఇంజన్ లక్షణం. దుమ్ము కార్బురేటర్ వైపు నుంచి వస్తుంది కాబట్టి పిస్టన్ అటువైపు అరుగుతుంది. మెరుపు పోయి మసక బూడిద రంగు తేలుతుంది, సన్నటి నిలువు గీతలు పడతాయి, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) అంచు పలచబడుతుంది. రింగులు కూడా అరిగి, సిలిండర్‌లో పెట్టి చూస్తే కొసల మధ్య సందు పెరుగుతుంది. కొత్త రింగుకు ఆ సందు మిల్లీమీటరులో మూడో వంతుకు అటూఇటూ ఉంటుంది. ఒక మిల్లీమీటరు దాటితే ఆ రింగు పనికిరాదు.

దుమ్ము ఎక్కడిదంటే, మీరు కోసిన చెట్టుదే. కొబ్బరికీ తాడికీ చేవ బయటే ఉంటుంది, లోపల మెత్తన. ఆ బయటి చేవలో ఇసుక జాతి సిలికా రేణువులుంటాయి. ఎండిపోయిన మోడైతే మరీ గట్టి. చైన్ పళ్ళు గంటల్లో మొద్దుబారతాయి. మొద్దుబారిన చైన్ పెచ్చులు తీయదు, పిండి రాలుస్తుంది. మనిషి బార్‌ని అదిమి కోస్తాడు, ఇంజన్ మీద బరువు పెరుగుతుంది, ఆ పిండి ఫిల్టర్‌ని మూసేస్తుంది, మిగిలింది నారతో, చైన్ ఆయిల్‌తో కలిసి ముద్దై సిలిండర్ రెక్కల మధ్య ఇరుక్కుంటుంది. ఇంజన్ అరుగుదల చాలాసార్లు ఇంజన్‌లో మొదలవదు, చైన్ దగ్గరే మొదలవుతుంది. కోతలోంచి పెచ్చుల బదులు పిండి రాలుతోందంటే అప్పుడే ఆపి ఆకురాయి పట్టాలి, మధ్యాహ్నం భోజనాల దాకా ఆగకూడదు. ఎండు కొబ్బరి మీద ప్రతి ట్యాంకుకూ ఒకసారి పట్టినా ఎక్కువ కాదు. పిచ్ (అంగుళాల్లో చెప్పే చైన్ లింకుల కొలత) 3/8 అయిన చైన్‌కి 5.2 లేదా 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, .325 పిచ్‌కి 4.8. నాలుగైదుసార్లు పళ్ళు రాశాక పంటి ముందున్న డెప్త్ గేజ్ (పన్ను ఎంత లోతు కోయాలో ఆపే బొడిపె) కూడా పంటి కొసకన్నా 0.65 మిల్లీమీటరు కిందికి ఉందో లేదో చూసి దించాలి. చాలామంది ఇది వదిలేస్తారు. అప్పుడు పళ్ళు ఎంత పదునున్నా పిండే రాలుతుంది.

ఫిల్టర్‌కి కంప్రెసర్ గాలి వద్దు. బయటినుంచి గట్టిగా ఊదితే దుమ్ము లోపలి పొరల్లోకి దిగుతుంది, లేకపోతే జల్లెడ చిరుగుతుంది. నూలు లాంటి పూత ఉన్న ఫిల్టర్లను పెట్రోలుతో కడిగినా పాడవుతాయి. గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి, నీడన పూర్తిగా ఆరనిచ్చి బిగించాలి. దగ్గర రెండు ఫిల్టర్లుంటే ఒకటి ఆరుతుండగా ఒకటి వాడుకోవచ్చు. ఫిల్టర్ తీసినప్పుడు కార్బురేటర్ నోట్లో వేలు పెట్టి తుడవండి. వేలికి సన్నటి పిండి అంటిందా, ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్తోందని అర్థం. చిరుగు ఎక్కడుందో, అంచు ఎక్కడ సరిగా కూర్చోలేదో వెతకాలి. నడుస్తున్న రెండో మిషన్‌కి ఈ పరీక్ష ఈరోజే చేయండి.

రెండోసారి పోయినదానికి నేను గట్టిగా అనుమానించేది పాకలో గడిపిన ఆ నాలుగు నెలలను. ఇథనాల్ పెట్రోలు ట్యాంకులో నిలవుండి రబ్బరు పైపుల్ని గట్టిబరిచి పగులు పుట్టిస్తుంది, కార్బురేటర్ డయాఫ్రమ్‌ని (లోపల పెట్రోలును నడిపే పలచని పొరను) బిరుసెక్కిస్తుంది. గోదావరి వరద నెలల తేమకు క్రాంక్ బేరింగులు తుప్పు పట్టి, వాటి పక్కన గాలి దూరకుండా ఆపే సీళ్ళు వదులవుతాయి. పైపు పగిలితే పెట్రోలుతో పాటు గాలి బుడగలు వెళ్తాయి. సీలు వదులైతే గాలి కార్బురేటర్‌ని దాటుకుని నేరుగా ఇంజన్‌లోకి వెళ్తుంది. ఎలా వెళ్ళినా పెట్రోలు పాలు తగ్గుతుంది, పెట్రోలు తగ్గితే దానితో వచ్చే ఆయిల్ కూడా తగ్గుతుంది. యాక్సిలేటర్ వదిలినా వేగం దిగకుండా అరవడం ఈ గాలి దొంగదారికి పాత గుర్తు. మొదటిసారి మెకానిక్ పిస్టన్ మార్చాడే గానీ ఈ దారుల్ని చూడలేదు. అందుకే కొత్త పిస్టన్ ఆరు వారాలకే పోయింది. చూడకుండా మూడోది వేసినా అదే జరుగుతుంది.

బిగించే ముందు లీకు పరీక్ష చేయించండి. సైలెన్సర్ విప్పి, దాని కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టి మళ్ళీ బిగిస్తే ఎగ్జాస్ట్ దారి మూసుకుంటుంది. కార్బురేటర్ తీసి, ఇన్‌టేక్ రబ్బరు బూటు (కార్బురేటర్‌ని సిలిండర్‌కి కలిపే గొట్టం) చివర అలాగే మూయాలి. బూటును వదిలేసి వెనక మూస్తే లాభం లేదు, చాలాసార్లు పగిలేది అదే. పిస్టన్‌ని కిందికి దించి, ప్లగ్ రంధ్రంలోంచి అరబార్ గాలి ఎక్కించాలి. చేతిపంపు లేకపోతే పాత బీపీ మిషన్ బల్బు, మీటరు పనికొస్తాయి, మీటరు మీద 250 దాకా, అది అరబార్ కన్నా తక్కువే, బార్‌లో మూడో వంతు. ఇరవై సెకన్లు ముల్లు కదలకూడదు. కదిలితే సబ్బు నురగ రాయండి, బుడగ ఎక్కడ లేస్తే అక్కడే లీకు. సీళ్ళు ఒకటి క్లచ్ వెనక, ఒకటి ఫ్లైవీల్ వెనక ఉంటాయి. ఒక చిక్కుంది. క్రాంక్ సీళ్ళు కొన్ని లోపలినుంచి గాలి నెట్టితే బిగుసుకుని మంచివాటిలా కనిపిస్తాయి, పీల్చితేనే దొరుకుతాయి. కాబట్టి వాక్యూమ్ పంపున్న మెకానిక్ దగ్గర అరబార్ వాక్యూమ్‌తో కూడా చూపించాలి. మీ మెకానిక్‌కి ఈ సరంజామా లేకపోతే రావులపాలెమో, రాజమండ్రో వెళ్ళి కంపెనీ సర్వీసులో చేయించడం మేలు. నడుస్తున్న మిషన్‌కైతే ఇంట్లోనే ఒక చిన్న చూపు: ఐడిల్‌లో పెట్టి పక్కలకూ ముందుకూ వంచండి. చైన్ బ్రేక్ వేసే ఉండాలి. వంచిన ప్రతిసారీ వేగం గట్టిగా మారుతుంటే గాలి ఎక్కడో దూరుతోంది.

ఇంకో రెండు దారులు త్వరగా చూసేయవచ్చు. ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోతే పది నిమిషాలు బాగా నడిచి తర్వాత నీరసిస్తుంది. మూత తిప్పితే ‘సుయ్’మని గాలి పీల్చుకుని మళ్ళీ బాగుపడుతుంది. పెట్రోలు ఫిల్టర్ అడ్డుపడినా అదే నీరసం, కానీ మూత తీసినా బాగుపడదు. రెండు వస్తువులూ చవకే, అనుమానం ఉంటే మార్చేయండి. ఫ్లైవీల్ కవరు తీసి సిలిండర్ రెక్కల్లో ఇరుక్కున్న ముద్దను చెక్కపుల్లతో గీకి తీయండి. ఇనుప వస్తువు పెట్టకండి.

కార్బురేటర్ స్క్రూల గురించి. పెట్రోల్లో ఇథనాల్ పెరిగితే అదే జెట్టు (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) అమరికలో మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి పాలు ఎక్కువవుతుంది. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ దానికి సుమారు 13.5 చాలు. అంటే పాత అమరికతోనే నడిపితే గాలి మిగిలిపోయి వేడి పెరుగుతుంది. పూర్తి వేగంలో పెట్రోలు పాలు సరిచేసే హెచ్ స్క్రూని కొద్దిగా వదులు చేయాలి. బరువు లేకుండా పూర్తి యాక్సిలేటర్ ఇస్తే కాస్త గరగరమనాలి, మొద్దులో దించగానే గొంతు తేలాలి. బరువు లేనప్పుడే సన్నగా కీచుమంటే పలచగా ఉన్నట్టు. అయితే ప్లగ్‌కి స్పార్క్ ఇచ్చే కాయిల్‌లోనే వేగం పరిమితి ఉన్న మోడళ్ళలో ఆ గరగర కాయిల్ వల్ల కూడా వస్తుంది. అలాంటివాటిని చెవితో నమ్మకుండా టాకోమీటర్ (ఇంజన్ వేగం కొలిచే మీటరు)తో, ఆ మోడల్ పుస్తకంలో చెప్పిన వేగానికి కట్టాలి. స్క్రూలే లేని ఎలక్ట్రానిక్ కార్బురేటర్లు తమంతట సర్దుకుంటాయి, కానీ గాలి లీకును ఎంతోకాలం దాచలేవు. ఇథనాల్‌ని నీళ్ళతో కడిగి తీసేస్తున్నవాళ్ళున్నారు. చేయకండి. ఇథనాల్ పోతే మిగిలిన పెట్రోలు ఆక్టేన్ పడిపోతుంది, ఇంజన్ నాక్ అవుతుంది (లోపల టకటక కొట్టుకుంటుంది), పైగా తడి మిగులుతుంది.

ఆయిల్ కొలత కంపెనీని బట్టి మారుతుంది. చైన్‌సా కంపెనీ సొంత టూటీ ఆయిల్ అయితే సాధారణంగా 50కి 1, అంటే 5 లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్లు. ఇతర టూటీ ఆయిల్‌కి కొన్ని కంపెనీలు 25కి 1 కలపమంటాయి, అంటే 5 లీటర్లకు 200. ఏ డబ్బా కొంటే దాని లెక్క, మీ మిషన్ పుస్తకం లెక్క రెండూ చూడండి. ఎక్కువ కలిపితే మంచిదే కదా అని మూత మీద మూత పోస్తే, ఆ మేరకు జెట్టులో పెట్రోలు తగ్గి మిశ్రమం కాస్త పలచబడుతుంది, ఎగ్జాస్ట్‌లో మసి పేరుకుంటుంది. అంతర్వేది వైపు పడవల ఔట్‌బోర్డు ఇంజన్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ సులువుగా దొరుకుతుందని పోయవద్దు. అది నీటితో చల్లబడే ఇంజన్లకు చేసింది, గాలితో చల్లబడే మీ సిలిండర్ వేడిని తట్టుకోదు. కలిపిన పెట్రోలు నెల దాటనివ్వకండి, మన తేమలో రెండు వారాలకు సరిపడా కలుపుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు సిలిండర్. లేత్‌లో బోరు కొట్టించడం పాత మోటార్‌సైకిళ్ళ ఇనుప బోర్లకు నడిచే పని. వృత్తి చైన్‌సాల సిలిండర్ లోపల నికెల్-సిలికాన్ కార్బైడ్ పూత ఉంటుంది, మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. బోరు కొడితే ఆ పూత లేచిపోయి కింద మెత్తని అల్యూమినియం మిగులుతుంది. కొత్త పిస్టన్ దాని మీద వారాలు కూడా నడవదు. కాబట్టి ఈ దారి మానేయండి. అయితే పాత సిలిండర్‌ని వెంటనే పారేయనక్కర్లేదు. దానికి అంటుకున్నది చాలాసార్లు పిస్టన్ అల్యూమినియమే. బాత్రూం యాసిడ్‌ని దూది పుల్లతో ఆ మచ్చల మీద మాత్రమే రాస్తే నురగలు వచ్చి కరుగుతుంది. చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు, ఆరుబయట. పోర్టుల (సిలిండర్ గోడలో గాలి, పొగ వెళ్ళే రంధ్రాల) అంచుల్లో పూత లేనిచోట తగిలితే అసలు సిలిండర్‌నే తింటుంది, జాగ్రత్త. కడిగాక గోరుతో గీచి చూడండి. గోరు ఎక్కడా తట్టకపోతే, పూత కింద అల్యూమినియం మెరుపు కనిపించకపోతే సిలిండర్ బతికినట్టే. కంపెనీ పిస్టన్, రింగులు, కొత్త సీళ్ళు, బూటు, పెట్రోలు పైపు, కార్బురేటర్ డయాఫ్రమ్ కిట్ వేసుకుంటే చాలు. పిస్టన్ నెత్తి మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలి.

గోరు తట్టితే సిలిండర్ మార్చాల్సిందే. చవక కిట్లు దొరుకుతాయి. వాటిలో పోర్టుల అంచులు గరుకుగా వదిలేసినవి ఉంటాయి, రింగు వాటికి తట్టుకుని విరుగుతుంది. బిగించేముందు అంచుల మీద వేలు తిప్పి, గుచ్చుకుంటే వాపసు ఇవ్వండి. కంపెనీది ఖరీదు, కానీ రోజూ కూలికి వెళ్ళే మిషన్‌కి లెక్క కుదురుతుంది. క్రాంక్‌ని చేత్తో తిప్పి చూడండి. బేరింగు గరగరమంటే, కనెక్టింగ్ రాడ్డు పైకీ కిందికీ ఆడితే, సిలిండర్‌తో పాటు క్రాంక్ పని కూడా పడుతుంది. మొత్తం ఖర్చు కొత్త మిషన్ ధరలో సగం దాటుతుంటే నేనైతే దీన్ని విడిభాగాలకు ఉంచుకుని కొత్తది కొనమంటాను. రెండూ ఒకే మోడల్ అయితే దీని స్టార్టరు, బార్, ట్యాంకు రెండోదానికి ఏళ్ళ తరబడి పనికొస్తాయి.

కుర్రాడి విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. మాన్పిస్తే ఇంట్లో గాయం మానదు, మీకు కొత్త మనిషి కావాలి, గాలి లీకు మాత్రం మిషన్‌లోనే ఉంటుంది. ఏమీ అనకుండా పాత పద్ధతిలోనే ఉంచితే ఈసారి ఏ మిషన్ పోయినా మళ్ళీ అతని మీదే అనుమానం వాలుతుంది, మీరు అనకపోయినా అతను అలాగే అనుకుంటాడు. మూడోది, కలిపే బాధ్యత అతనికే ఉంచి పద్ధతి మార్చడం. గీతలున్న కొలసీసా ఒకటి, 5 లీటర్ల డబ్బాలు రెండు. డబ్బా మీద కలిపిన తేదీ, ఆయిల్ ఎంత అన్నది మార్కర్‌తో రాయాలి, పోసేముందు కుదపాలి. ఇందులో అతనికి అవమానం లేదు, రేపు ఎవరైనా వేలు చూపిస్తే అతనికే సాక్ష్యం. కొంచెం ఓపిక కావాలి, పని ఒత్తిడిలో తేదీలు రాయడం మరిచిపోతారు, మీరు గుర్తుచేయాలి. లీకు పరీక్షకు అతన్నీ తీసుకెళ్ళండి. నురగలో బుడగ లేవడం అతని కళ్ళముందే జరిగితే మీరు వేరే క్షమాపణ చెప్పాల్సిన పని సగం తగ్గుతుంది. మిగతా సగం మాత్రం మీరే చెప్పాలి, మీ ఆవిడ వినేలా. పరీక్షలో లీకు దొరికినా దొరక్కపోయినా ఆపిన కూలి సంక్రాంతికి ముందే ఇచ్చేయండి. ఆయిల్ మరిచిపోయాడనే తేలినా, ఒక పిస్టన్ ఖరీదు రెండు నెలల కూలిలోంచి తీసుకోవడం లెక్కకు కూడా నిలవదు. మీ మిషన్, మీ వ్యాపారం, ఆ నష్టంలో పెద్ద వంతు మీదే.

బాగుచేయించాక మొదటి రెండు ట్యాంకులూ లేతకొమ్మలూ సన్న దుంగలే కోయండి, ఎండు కొబ్బరి వద్దు. పని ఆపేముందు అరనిమిషం ఐడిల్‌లో ఉంచి ఆర్పండి. ఆ రెండు ట్యాంకులయ్యాక, చల్లారాక సైలెన్సర్ రెండు బోల్టులు విప్పి టార్చి వేసి పిస్టన్ చూడండి, పది నిమిషాల పని. చారలు మొదలైతే అప్పుడే ఆపేస్తే సిలిండర్ మిగులుతుంది. మెకానిక్ మార్చిన పాత భాగాలన్నీ సంచిలో వేసి ఇంటికి తెచ్చుకోండి. మూడోసారి ఏదైనా జరిగితే చూడటానికి అవే ఆధారం.